పదకొండు పేసోలు

ఆగస్టు చలికి అద్దాలు చెమర్చిన ఉదయం
పైసందూ పాల సహకార సంఘంలోకి
ఎలెయుతేరియో బెంతాంకూర్ వచ్చాడు.
టోపీ తీసి మోకాలి మీద బోర్లించుకుని
"పదకొండు పేసోలు తగ్గుతున్నాయి" అన్నాడు.
"పంతొమ్మిది నెలలుగా. నెలనెలా. సరిగ్గా పదకొండే."

పదకొండు పేసోలకి ఈ ఊళ్ళో బిస్కట్టు కూడా రాదు.
లెక్క లెక్కేనని ఆయన కదల్లేదు.
వేడి మాతే ఒక గుక్క పీల్చి
నేను తవ్వడం మొదలుపెట్టాను.

అన్నిటికంటే పైన అనాయీ రాసిన పైథాన్.
రెండు వారాల్లో రాసింది, చదవడానికి పావుగంట.
ఊడ్చిన గదిలా ఉంటుంది,
చెప్పులు విప్పి అడుగు పెట్టాలనిపిస్తుంది.
కాకపోతే ఒక ఖాళీ జాగా పక్కకి జరిగిందా
అర్థం మూటాముల్లె సర్దుకుని పక్కింటికి పోతుంది.
వెర్షన్ మారిన ప్రతి శుక్రవారం
నాకు అన్నం సయించదు.

దాని కింద ఓస్మార్ రాసిన పెర్ల్.
ఫుట్‌బాల్ మ్యాచ్ విరామంలో రాశాడట, తొంభై తొమ్మిదిలో.
నాలుగే పంక్తులు:
డాలరు గుర్తులు, వాలు గీతలు, బ్రాకెట్లలో బ్రాకెట్లు,
కోళ్ళు కెలికిన దిబ్బ.
ఒక్కరోజు ఆగలేదు, ఒక్కరికీ అర్థం కాలేదు.
ఫోన్ చేశాను. రిటైరై నది ఒడ్డున గాలం వేసుక్కూర్చున్నాడు.
గుర్తు గుర్తునా చదివి వినిపిస్తే
కాసేపు గాలి చప్పుడు, తర్వాత
"ఎవడు రాశాడమ్మా అది?"

కోపం రాలేదు.
ఆ రాత్రి జీతాల యంత్రం మొరాయిస్తే
ఆ నాలుగు పంక్తులే నాలుగొందల ఇళ్ళలో పొయ్యి వెలిగించాయి.
ముడి వేసినవాడికి నిమిషం,
విప్పేదాని సంగతి ముడికెందుకు?

పక్క బల్ల దగ్గర కుర్రాడు రస్ట్ అంటాడు.
నేనూ చూశాను. గిడ్డంగి గుమాస్తా లాంటి భాష.
ఏ గిన్నె ఎవరు తీసుకెళ్ళారు, ఎప్పుడు తిరిగిస్తారు,
సంతకం పెట్టందే గడప దాటనివ్వదు.
పగలంతా తిట్లు తింటే రాత్రి నిద్ర పడుతుందట.
నాకు పగళ్ళే కరువు.

అట్టడుగున నెలిదా రాసిన కోబోల్.
అనాయీ దీన్ని తిరగరాసే ఇంటికి పంపించింది,
నేను పారేయకుండా దాచాను.
అర్జీ రాసినట్టు రాసింది నెలిదా.
దీన్ని తీసి అందులో పెట్టు, దాన్నుంచి దీన్ని తగ్గించు,
ఒక్క మాట చెప్పడానికి ఒక పేజీ.
రాయడానికి ఎన్ని సాయంత్రాలు పట్టిందో!
తెర ఇటు తిప్పితే ఎలెయుతేరియో
వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు:
"మొత్తం పాలు... వెన్న శాతం... రవాణా కోత..."
కంప్యూటర్ ముట్టని మనిషి.
నాకు ఎక్కడో సిగ్గేసింది.

వేలు ఆగిన చోట ఒక చిన్న రాత:
"ఎనభై మూడు వరదలో వాగు మీద వంతెన పోయింది.
ఏడో దారి వాళ్ళు పాలు తామే మోసుకొస్తున్నారు.
కట్టేదాకా రవాణా కోత వద్దు. నె."

అనాయీ చూసే ఉంటుంది.
నలభై ఏళ్ళ నాటి వరద కదా, తీసేసి ఉంటుంది.
నేనైనా తీసేసేదాన్ని.

"వంతెన ఇంకా కట్టలేదు" అన్నాడు ఎలెయుతేరియో.

పైథాన్‌లో ఒక్క పంక్తి చేర్చాను,
దాని నెత్తిన నాలుగు పంక్తుల కథ.
నేను కాలిక్యులేటర్ వెతుక్కునేలోపే
"రెండు వందల తొమ్మిది" అని టోపీ పెట్టుకున్నాడు.

రాత్రి పదిన్నరకి ఓస్మార్ ఫోన్.
"గుర్తొచ్చింది! మూడో పంక్తి మాత్రం ముట్టుకోకు."
ఎందుకు?
"అదే గుర్తు రావట్లేదు."

లేచి, దీపం వేసి, అదీ రాసిపెట్టాను:
మూడో పంక్తి ముట్టుకోవద్దు.
కారణం ఓస్మార్‌కీ తెలియదు.